మోటారు మోజు

సంగారెడ్డి పోతిరెడ్డిపల్లి చౌరస్తా మొదలు పటాన్‌చెరు వరకు 65వ జాతీయ రహదారిపై నిత్యము రాకపోకలు సలుపువారికి ఇటీవలి మార్పొకటి కనబడకపోదు. పూర్వము ఈ దారిని కారున్నవాడు ఘనుడు. నేడు వట్టి కారున్నవానిని ఎవరును లెక్కింపరు. ఎత్తైన కట్టు, వెడల్పైన చక్రములు, గర్జించు యంత్రము గలిగి, కోటి మొదలు అయిదు కోట్ల రూపాయల వరకు వెలగల ఎస్.యు.వి. బండ్లు రుద్రారము, ఇస్నాపూరు, ముత్తంగి కూడళ్ళలో లారీల నడుమను ఆటోల నడుమను నిలిచి దారికై వేచియుండుటను చూచుచున్నాము. వీనిని కొనదగునా, కొన్నచో పెట్టిన సొమ్మునకు తగిన ఫలము దక్కునా యను ప్రశ్న ధనికుల సొంత వ్యవహారమని కొందరందురు. మేమట్లు తలంపము. ఈ జిల్లాలో వీనిని కోరుచున్నవారిలో పుట్టు శ్రీమంతులు కొద్దిమందియే. మొదటితరపు కర్మాగారముల యజమానులు, గుత్తేదారులు, భూమి పోయి పరిహారము వచ్చిన రైతుల కుమారులు ఎక్కువమంది. వీరి చేతిలోని సొమ్ము ఏ దారిని పోవునో దానినిబట్టి ఈ ప్రాంతపు రాబోవు ఇరువది యేండ్లుండును. కావున ఇది ఊరందరి విషయము.

ముందుగా అమ్మకమునకు వచ్చిన వస్తువెట్టిదో చూతము. ఇటలీ దేశపు లాంబోర్గిని వారు ‘ఊరుస్ ఎస్.ఇ.’ అను బండిని 2024 ఆగస్టులో మన దేశమున 4 కోట్ల 57 లక్షల షోరూము ధరకు ప్రవేశపెట్టిరి. దాని శక్తి 800 అశ్వశక్తులు. నిలిచినచోటినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగము నందుకొనుటకు దానికి పట్టు కాలము 3.4 సెకండ్లు. దాని గరిష్ఠవేగము గంటకు 312 కిలోమీటర్లు. బరువు రెండున్నర టన్నులు. మర్సిడీస్ వారి ఎ.ఎం.జి. జి 63, రేంజ్ రోవరు స్పోర్టు ఎస్.వి. మొదలగునవి ఈ జాతివే. అద్భుతమైన యంత్రనిర్మాణమనుటకు సందేహము లేదు. అంత బరువును అంత వేగమున నడిపి, మరల అంత త్వరగా ఆపగలుగుట సామాన్యమైన విద్య కాదు. ఆ విద్యను మేము తక్కువ చేయము.

అయినను మన జిల్లావారికి అశ్వశక్తియను మాట క్రొత్తది కాదు. ఎద్దుమైలారములో 1984లో ఏర్పడిన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో ‘సారథ్’ అను యుద్ధశకటములు తయారగుచున్నవి. రష్యావారి బి.ఎం.పి. 2 నమూనాను అనుసరించి చేసిన ఆ శకటము బరువు పదునాలుగు టన్నులకు పైమాట. ఉక్కు కవచము తొడిగికొని, ఫిరంగి మోయుచు, సిపాయిలను కడుపున పెట్టుకొని, ఏరులలో ఈదుచు పోగల ఆ శకటమును నడుపునది 300 అశ్వశక్తుల యంత్రము. దేశరక్షణకు 300 చాలినవి. పటాన్‌చెరు సంతకు పోయి వచ్చుటకు 800 కావలసివచ్చెను!

పరిహాసమటుండనిండు. కొన్న శక్తిని ఎక్కడ వినియోగింతురు? న్యాయవాద వృత్తిలో నున్నవారికి మొదట తోచునది చట్టమే కదా. కార్లకు గరిష్ఠవేగములను నిర్ణయించుచు కేంద్రప్రభుత్వము 2018 ఏప్రిలులో ప్రకటన చేసినది. దాని ప్రకారము ఎక్స్‌ప్రెస్ రోడ్లపై గంటకు 120, నడుమ విభాగిని గల నాలుగు వరుసల రోడ్లపై 100, పురపాలక పరిధులలో 70 కిలోమీటర్లు మాత్రమే. హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుపై పూర్వము 100గా నున్న పరిమితిని 2023లో 120కి పెంచిరి. ముత్తంగివద్ద ఆ రోడ్డెక్కినవాడు శాసనమును మీరక పోదగిన వేగము అంతే. 312లోనుండి 120 తీసివేసినచో మిగులు 192 కిలోమీటర్ల వేగమునకు అతడు వెల చెల్లించెను. ఈ దేశములో ఏ ప్రభుత్వ రహదారిపైనను దానిని న్యాయముగా వాడుకొనజాలడు. ఇంటినిండ ధాన్యము కొని, తాళము వేసి, తాళపుచెవిని పోలీసువారికిచ్చిన యట్లున్నది.

వేగమక్కరలేదు, త్వరగా అందుకొను శక్తి చాలునందురా? ఇరువది లక్షల స్వదేశపు బండి ఒకటి దాదాపు 10 సెకండ్లలో 100 కిలోమీటర్ల వేగము నందుకొనును. ఊరుస్ 3.4 సెకండ్లలో అందుకొనును. ఆరు సెకండ్లు, పోనిండు, ఏడు సెకండ్లు కలసివచ్చును. ఇస్నాపూరు కూడలిలో అడ్డముగా తిరుగు ఒక్క కంటెయినరు లారీ ఆ ఏడు సెకండ్లను ఎన్నిమార్లు తిరిగి తీసికొనునో ఆ దారి నెరిగినవారికి చెప్ప నవసరము లేదు.

క్షేమమను మాటకూడ తరచుగా వినబడుచున్నది. పెద్దబండి, గట్టిబండి, ప్రాణమునకు హామీ యని అమ్మువారు చెప్పుదురు. ఇందు సగము సత్యము కలదు. గట్టి నిర్మాణము, గాలిసంచులు, చురుకైన బ్రేకులు ప్రాణములు కాపాడును. కాని అవి కోట్లు పెట్టినవారికే దొరకునను కాలము గడచినది. మహీంద్రావారి ఎక్స్.యు.వి. 700 బండికి 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు అయిదు నక్షత్రములు వచ్చినవి. అది ఇరువది లక్షల ప్రాంతపు బండి. మరొకవైపు చూడుడు. 2017 మే 10వ తేదీ తెల్లవారుజామున హైదరాబాదు జూబ్లీహిల్సు 36వ నంబరు రోడ్డులో ఒక మర్సిడీస్ జి 63 మెట్రో స్తంభమును ఢీకొనెను. అందున్న ఇరువురు యువకులును మరణించిరి. ఆ బండి ప్రపంచములోని గట్టి బండ్లలో ఒకటి. శక్తి పెరిగినకొలది నడుపువాని తప్పునకు శిక్షయు పెరుగును. ఇనుము మందమును పెంచి ఆ లెక్కను సరిచేయ వీలులేదు. ఇరువది యేండ్ల కుమారుని చేతికి ఈ బండి తాళములిచ్చు తండ్రులు ఈ యొక్క విషయమునైనను తలంచుట మంచిది.

ఇక సొమ్ము సంగతి. ఇక్కడ కొంచెమాగి లెక్క చూడవలెను. ఏలననగా కొనువారిలో నూటికి తొంబదిమంది షోరూము ధరను, నెలసరి వాయిదాను తప్ప మరొక అంకెను చూడరని మా యనుభవము.

విదేశమున పూర్తిగా తయారై వచ్చు ఖరీదైన కారుపై 2025 నాటికి దిగుమతి సుంకము నూటికి 110. 100 రూపాయల వస్తువు రేవులో దిగి, సుంకముతో 210 రూపాయలగును. పెద్ద ఎస్.యు.వి.లపై 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. నూటికి 40. దానిని కలుపగా 294 అగును. అంతకుముందు సెస్సుతో కలిసి నూటికి 50 వరకు నుండెడిది కావున ధర తగ్గెనని ఆ దినములలో పండుగవలె ప్రకటనలు వేసిరి. దానిపైన రాష్ట్రప్రభుత్వపు లైఫ్ టాక్సు. 2022లో తెలంగాణములో సవరించిన పట్టికయందు 20 లక్షలకు మించిన బండికి నూటికి 18 అని యుండెను. కంపెనీ పేర కొన్నచో ఇంకను హెచ్చు. ఆ 18 చొప్పుననే వేసినను 294 కాస్త 347 అగును. అమ్మకపువాని లాభము, ఇన్సూరెన్సు ఇంకను చేరలేదు. అనగా కొనువాడు మూడున్నర రూపాయలిచ్చి ఒక రూపాయి వస్తువును ఇంటికి తెచ్చుకొనుచున్నాడు. 4 కోట్ల 57 లక్షల బండికి ఆ లైఫ్ టాక్సు ఒక్కటియే 82 లక్షలు దాటును. సంగారెడ్డిలో ఆ సొమ్ముతో గృహస్థుడొకడు ఇల్లు కట్టుకొనగలడు.

ఇట్లు 5 కోట్ల 40 లక్షలకు చేరిన బండి మరునాటినుండి ఏమగును? ఆదాయపు పన్ను లెక్కలలో సొంతమునకు వాడు కారుకు తరుగుదల ఏటికి నూటికి 15 చొప్పున, మిగిలిన విలువపై లెక్కింతురు. అయిదేండ్లు గడచునప్పటికి పుస్తకములలో దాని విలువ 2 కోట్ల 40 లక్షలు. పుస్తకముల లెక్క ఇది; అంగడిలో పాత బండిని కొనువాడు ఈ లెక్కకు కట్టుబడడు. నాలుగు కోట్లు అప్పుచేసి కొన్నవాడు నూటికి 9 వడ్డీ చొప్పున మొదటి యేట 36 లక్షల వరకు వడ్డీయే కట్టవలెను. దినమునకు దాదాపు పదివేల రూపాయలు. బండి షెడ్డులో నిద్రించినను ఆ పదివేలు మేల్కొనియే యుండును.

కర్మాగారముల యజమానులు దీనికొక సమాధానము చెప్పుదురు. “కంపెనీ పేర కొందుము, ఖర్చు వ్రాసికొందుము, పన్ను తగ్గును.” ఈ మాట చెప్పువారు తమ ఆడిటరు చెప్పినదానిలో సగమే విన్నారు. తరుగుదల వ్రాసికొనవచ్చుననుట నిజమే. కాని సి.జి.ఎస్.టి. చట్టము 17వ సెక్షను 5వ ఉపసెక్షను క్రింద, నడుపువానితో కలిసి పదుముగ్గురికి మించని ప్రయాణికుల బండిపై కట్టిన జి.ఎస్.టి.కి, బండ్ల అమ్మకము, అద్దె రవాణా, నడుపుట నేర్పు బడి వంటి వృత్తులలో నున్నవారికి తప్ప, ఇన్‌పుట్ క్రెడిట్ దొరకదు. అదే యజమాని అదే సొమ్ముతో క్రొత్త రియాక్టరునో, లేతు యంత్రమునో, వ్యర్థజలములను శుద్ధిచేయు సాధనమునో కొన్నచో దానిపై కట్టిన జి.ఎస్.టి. తన అమ్మకపు పన్నులో తీసివేసికొనును. ఒక దారిలో పన్ను మునుగును, మరొక దారిలో తేలును. చట్టము చేసినవారు బహుశః ఏది పనిముట్టో, ఏది ముచ్చటయో ఎరిగియే యీ భేదము పెట్టిరి.

మరొక ప్రమాదము కలదు. దీనిని అమ్మువారు చెప్పరు. 2025 జులై 24న మన దేశమునకును బ్రిటనునకును వాణిజ్యపు ఒడంబడికపై సంతకములైనవి. అందు నియమిత సంఖ్యకు లోబడి, అక్కడ తయారైన కార్లపై సుంకము క్రమక్రమముగా నూటికి 10 వరకు తగ్గించుటకు అంగీకరించిరి. పాత బండి ధర క్రొత్త బండి ధరను చూచి కదా నడచును. 110 సుంకము కట్టి కొన్నవాని బండి ప్రక్కన 10 సుంకపు క్రొత్త బండి వచ్చి నిలిచిననాడు, అతడు కట్టిన నూరు రూపాయల భేదమును ఎవరు తిరిగి యిత్తురు? భూమి కొన్నవాడు ధర పడిపోయినను భూమిపై నిలుచును. ఇతడు దేనిపై నిలుచును?

“అయిన నేమి? మేము కట్టిన పన్నుతో బడులు, ఆసుపత్రులు నడచును గదా” అని వాదించువారున్నారు. వీరి పక్షమున చెప్పదగిన మాటలలో ఇదియే గట్టిది. ఒక రూపాయి వస్తువునకు రెండున్నర రూపాయలు సర్కారునకు స్వచ్ఛందముగా చెల్లించు పౌరుని మేమేల నిందింతుము? నిజముగా చెల్లించినచో నమస్కరింతుము. కాని ఈ వర్తకమునందు ఆ దానబుద్ధి ఎంతవరకు నిలుచుచున్నదో 2025 మే నెలలో బయటపడెను. అమెరికా, జపాను దేశములనుండి ఖరీదైన కార్లను దుబాయి, శ్రీలంకల మీదుగా తెప్పించి, కాగితములలో విలువ తగ్గించి చూపి, దాదాపు 25 కోట్ల సుంకమెగవేసెనను అభియోగముపై హైదరాబాదు కార్ల వర్తకుని ఒకనిని రెవెన్యూ ఇంటెలిజెన్సు అధికారులు నిర్బంధించిరి. అభియోగము అభియోగమే, తీర్పు న్యాయస్థానము చెప్పవలెను. అట్లే ఇక్కడ నివసించుచు, ఇక్కడి రోడ్లపై తిరుగుచు, పన్ను తక్కువయని పొరుగు రాష్ట్రపు చిరునామాతో రిజిస్టరు చేయించుకొను ఆచారమొకటి పెరిగినది. మోటారు వాహనముల చట్టము 40వ సెక్షను స్పష్టముగా నున్నది. యజమాని నివసించు చోట, లేక వ్యాపారము చేయుచు బండిని ఉంచుకొను చోట రిజిస్టరు చేయవలెను; వేరు రాష్ట్రమున పన్నెండు నెలలకు మించి యుంచినచో 47వ సెక్షను ననుసరించి అక్కడ క్రొత్త గుర్తును పొందవలెను. నాలుగు కోట్లు పెట్టగలిగినవాడు ఎనుబది లక్షల యొద్ద చిరునామా మార్చుకొనుట చూచినచో, ఆ నాలుగు కోట్లును సులభముగా పెట్టినవి కావని తెలియుచున్నది.

ఇంత నష్టమని తెలిసియు కొనుట ఎందులకు? కొనువారు తెలివితక్కువవారు కారు. గుమ్మడిదల, జిన్నారము, బొల్లారము ప్రాంతములలో షెడ్డు వేసి, బ్యాంకుల చుట్టు తిరిగి, కరెంటు కోతలను తట్టుకొని పరిశ్రమ నిలిపినవాడు లెక్క రానివాడెట్లగును? సరకు కొనునప్పుడు కిలోకు అర్ధరూపాయికై అరగంట బేరమాడువాడు బండి యొద్ద బేరమాడడు. వేగమును, క్షేమమును, సౌఖ్యమును అతడు కొనుటలేదు గనుకనే ఆడడు. అతడు కొనునది మర్యాద. మర్యాదకు బేరమాడినచో మర్యాద పోవును.

ఈ వస్తువు మనకు పాతదే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను రోల్సు రాయిసు వారిచే సింహాసనమువంటి పీఠము గల పసుపుపచ్చని సిల్వర్ ఘోస్టు కారొకటి చేయింప నారంభించెను. 1911లో ఆయన గతించెను; ఆ కారు ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాను కాలమున వచ్చెను. ఉత్సవములకు తప్ప దానిని వాడినది లేదు. లోకములో మిక్కిలి ధనవంతుడని అమెరికావారి టైమ్ పత్రిక 1937లో ఏ ప్రభువు బొమ్మను ముఖపత్రముపై వేసెనో, ఆ ప్రభువే పాత కారులో తిరిగెడివాడని మన తాతల కాలపు ప్రతీతి. మర్యాద ముందే యున్నవానికి కారు నక్కర లేకపోయెను. ప్రభుత్వములును ఈ మోజునకు అతీతములు కావు. మునుపటి ప్రభుత్వము 22 లాండ్ క్రూజరు బండ్లను కొని విజయవాడలో నుంచినదనియు, కవచముతో కూడి ఒక్కొక్కటి మూడు కోట్ల వరకు ఖరీదనియు 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు చెప్పిరి. రాజకీయపక్షముల వాదములతో మనకిప్పుడు పనిలేదు. ముఖ్యమంత్రి ప్రాణరక్షణ అవసరమే. కాని వాహనశ్రేణి పొడవునుబట్టి అధికారమును కొలుచు అలవాటు ఏ పక్షమువారు వచ్చినను పోవుటలేదు. ఆ శ్రేణిని చూచియే మండలస్థాయి నాయకుడు అప్పుచేసి తెల్ల ఫార్చ్యూనరు కొనుచున్నాడు.

ఈ మర్యాదను అమ్మువారెవరు? లాంబోర్గిని వారు కారు. మనమే. ఫంక్షను హాలు ద్వారమువద్ద పాత బండిలో దిగిన ఉపాధ్యాయుని ప్రక్కకు పొమ్మని, నల్లని పెద్దబండికి దారి వదలు కావలివాడు మనవాడే. కార్యాలయములో వరుస నిలిచినవారిని దాటించి, బండి తాళములు బల్లపై పెట్టినవానికి కుర్చీ చూపు గుమాస్తా మనవాడే. పిల్లనిచ్చునప్పుడు “వారింట ఏ బండి యున్నది?” అని మొదట అడుగు మేనమామ మనలోనివాడే. బ్యాంకులో సైతము బండిని చూచి అప్పునకు ముఖవిలాసము మారుట వ్యాపారస్థులకు తెలియును. కొన్నవానిని మాత్రమే నిందించుట కావున అన్యాయము. అతడు సంతలో ఏది చెల్లుబడియగునో దానిని కొన్నాడు.

ఈ చెల్లుబడికి బలియగువారిని మేము వృత్తిరీత్యా చూచుచున్నాము. సంగారెడ్డి సమీపమున గిర్మాపూరునుండి చౌటుప్పల దిక్కునకు పోవు రీజినల్ రింగు రోడ్డు కొరకు భూములు సేకరించుచున్నారు. జహీరాబాదు నిమ్జ్ కొరకు న్యాల్‌కల్, ఝరాసంగము మండలములలో సేకరించిన, సేకరింపదలచిన భూమి పన్నెండువేల ఎకరములకు పైమాట. పరిహారము చాలలేదని వచ్చు రైతు కాగితములు పట్టుకొని కూర్చుండును. అతని వెంట వచ్చిన కుమారుడు సెల్‌ఫోనులో బండ్ల బొమ్మలు చూచుచుండును. ఇటీవల అట్టివాడొకడు మమ్ము సూటిగా నడిగెను: “సార్, పైసలు రాంగనే డౌను పేమెంటు కడ్తే, కేసు నడుస్తుండంగ ఏమన్న ఇబ్బందా?” చట్టరీత్యా ఇబ్బంది లేదని చెప్పవలసివచ్చెను. వాని తండ్రి మావంక చూచిన చూపునకు మావద్ద సెక్షను లేదు. ఆ కుటుంబమునకు ఆ సొమ్ము ఆదాయము కాదు. నాలుగుతరములు దున్నిన నేల నాణెముల రూపమున చేతికి వచ్చినది. నేల ఏటేట పంట నిచ్చెడిది. బండి ఏటేట నూటికి పదునైదు తరిగి, పైన ఇన్సూరెన్సును, టైర్లను, సర్వీసును అడుగును. అతడు కోరినది అయిదు కోట్ల ఊరుస్ కాదు, కోటి రూపాయల జర్మనుబండి. అంకె చిన్నది, నష్టము పెద్దది. అయిదు కోట్ల బండి కొన్నవాడు ఓడినచో ఒక బండి నోడును. వీడు ఓడినచో తిరిగి కొనజాలని భూమి నోడును. అట్టివానికి మా సమాధానము నిస్సందేహముగా ‘వలదు’ అనియే. భూమికి పరిహారముగా వచ్చిన సొమ్ములో మొదట మరొకచోట కొంత భూమి, పిమ్మట అప్పుల తీరుమానము, చదువు, బ్యాంకు డిపాజిటు. బండి కావలసినచో అన్నిటికిని తరువాత, మిగిలిన వడ్డీలోనుండి.

అట్లని ఎవరును కొనరాదని మేము శాసింపబోము. అప్పులేక, కార్మికుల జీతము బాకీ లేక, వ్యాపారపు మూలధనమును తాకక, యంత్రకళపై నిజమైన అభిరుచితో కొనువాడు సంగీతప్రియుడు వీణ కొన్నట్లు కొనుగాక. అట్టివాడు తన బండిని చెన్నపట్టణముచేరువ ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను ఉన్న పందెపు బాటలకు తోలుకొనిపోయి దాని శక్తిని తనివితీర చూచుకొనవచ్చును. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా ఈ పందెము జరిగినప్పుడు, దారులు మూసివేసిరని విసుగుకొన్నవారును వేలకొలది జనులతో కలిసి ఆనందించిరి. కంచె వేసిన బాటపై వేగము కళ. రుద్రారము కళాశాల విడిచిన వేళ రోడ్డుపై వేగము నేరము.

పరిశ్రమాధిపతులకు మాత్రము ఇంకొక మాట చెప్పవలసియున్నది. ఈ ప్రాంతము బండ్లను కొనుటకు పూర్వమే బండ్లను చేయనేర్చినది. 1942లో హైదరాబాదులో వెలసిన ఆల్విన్ వారు బస్సులు కట్టిరి. 1980ల పదియేండ్లలో జపానువారి నిస్సాను సహకారముతో జహీరాబాదులో తేలికపాటి లారీలు చేసిరి. ఆ కర్మాగారము 1989లో మహీంద్రావారి చేతికి పోయినను మూతపడలేదు. నేడు జహీరాబాదులో ట్రాక్టర్లు, విద్యుత్తు ఆటోలు తయారగుచున్నవి. సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. వారి టైర్లు తయారగుచున్నవి. వీని చుట్టు చిన్న విడిభాగముల పరిశ్రమలు ఎన్ని వెలసినను ఇంకను చోటున్నది. వానికి కావలసినది పెట్టుబడి. అయిదు కోట్లు పెద్ద కంపెనీకి చిల్లర కావచ్చును, కాని బొల్లారములోని చిన్న కర్మాగారమునకు అది ఒక క్రొత్త షెడ్డు, ముప్పదిమంది కూలీలకు పని.

2025 జూన్ 30న పాశమైలారములోని ఔషధ కర్మాగారములో సంభవించిన విస్ఫోటనమున ఏబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో పెక్కుమంది బీహారు, ఒరిస్సా, ఉత్తరప్రదేశములనుండి పొట్టకూటికై వచ్చినవారు. ఆ దుర్ఘటనకు కారణములు విచారించు అధికారము మాది కాదు. ఆ కర్మాగారమునకును ఈ బండ్లకును సంబంధము కలదని మేము చెప్పుటయు లేదు. కాని ఆ వారమంతయు పటాన్‌చెరు ఆసుపత్రి ముంగిట తమవారి జాడకై నిలిచిన తల్లులను, భార్యలను చూచినవారు, ఈ ప్రాంతపు యజమాని చేతిలో మిగులు సొమ్మున్నచో మొదట ఏ పద్దులో వ్రాయవలెనో మరొకరిచే చెప్పించుకొన నక్కర లేదు. ఆరబెట్టు యంత్రములకు ఉష్ణమాపకములు, ధూళి పేలుడును నివారించు సాధనములు, వెలుపలకు పరుగెత్తుటకు తగిన ద్వారములు, నక్కవాగులోనికి విషజలము పోకుండ శుద్ధియంత్రములు. వీనికి శబ్దము లేదు, మెరుగు లేదు. పెండ్లిపందిరివద్ద వీనిని ఎవరును చూచి లేచి నిలువరు. అదియే చిక్కు.

లేచి నిలువవలసినవారము మనము గనుక, పని మనయొద్దనే మొదలిడవచ్చును. రానున్న మాఘమాసపు పెండ్లిండ్లలో హాలు ద్వారమువద్ద బండ్లను వరుసగా, వచ్చినవానిని వచ్చినట్లు నిలుపుడని కావలివానికి ముందే చెప్పుడు. సంఘముల సభలలో ముందు కుర్చీలను బండి చూచి పంచకుడు. గత సంవత్సరము ఒక్క ప్రమాదమైనను లేక నడచిన కర్మాగారపు యజమాని సభకు వచ్చెనా, అతడు బస్సు దిగి వచ్చినను సరే, వేదికపైకి పిలిచి ఆ సంగతి చదివి వినిపింపుడు. గ్రంథాలయ సంఘములవారు, వర్తక సంఘములవారు ఈ చిన్న ఏర్పాటును ఒక్క ఏడు నడిపి చూడవచ్చును. ఖర్చు లేదు.